లావెక్కిన కుక్కకి ఏది మేలు: నడకా, కొలతా?

మా లాబ్రడార్ 36 కిలోలకి చేరిన రోజు డాక్టర్ గారు దాని ఒంటి మీద చెయ్యి వేసి చూడమన్నారు. పక్కటెముకలు వేళ్లకు తగలాలి, పైనుంచి చూస్తే నడుము కనిపించాలి. మావాడికి రెండూ లేవు. రోజూ ఇంకాస్త దూరం నడిపిస్తే చాలనుకున్నాం. ఇప్పుడు ఎవరైనా అడిగితే మాత్రం ముందు వంటింటి తూకం తీయమంటాను.

ఎందుకంటే, అంత బరువున్న కుక్క 3 కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది సుమారు 100 కేలరీలు. నాలుగు మారీ బిస్కెట్లతో అదంతా తిరిగొచ్చేస్తుంది. మా ఇంట్లో అమ్మ ఒకటి, పిల్లలు చెరొకటి, నేనొకటి పెట్టేవాళ్లం. ఎవరికి వాళ్లం ఒక్కటే కదా అనుకునేవాళ్లం. పైగా మన ఎండాకాలంలో పొద్దెక్కకముందే రోడ్డు కాలిపోతుంది, లావు కుక్కకి వడదెబ్బ త్వరగా తగులుతుంది. కండ పోకుండా ఉండాలంటే నడక కావాలి, చల్లటి వేళ చూసి తప్పకుండా నడిపించండి. బరువు తగ్గించే పని మాత్రం దాని ఒక్కదాని మీదే వదిలేయకండి.

అమెరికాలో 48 లాబ్రడార్లను చిన్నప్పటి నుంచి చివరిదాకా గమనించి, 2002లో ఫలితాలు ప్రకటించారు. ఒకే ఈతలో పుట్టిన జంటల్లో ఒకదానికి, రెండోదాని కంటే 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి దాదాపు 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి. కీళ్ల నొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. ఇది చదివాక మావాడు గిన్నె దగ్గర కూర్చుని జాలిగా చూసినా నా మనసు మారలేదు. లాబ్రడార్లలో సుమారు నాలుగో వంతుకి ఆకలిని అదుపు చేసే ఒక జన్యువులో లోపం ఉంటుందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు కనిపెట్టారు. పాపం, వాటికి ఆకలి నిజంగానే ఎక్కువ.

మరి గిన్నెలో పెరుగన్నమా, ప్యాకెట్ ఫుడ్డా? నేను ప్యాకెట్‌నే ఎంచుకున్నాను. వండిన అన్నం 100 గ్రాములకి 130 కేలరీలే, కానీ అందులో ప్రొటీన్ తక్కువ, గరిటెడు ఎంతన్నది వడ్డించే చెయ్యిని బట్టి మారుతుంది. ప్యాకెట్ మీద కేలరీలు రాసి ఉంటాయి. కప్పుతో కాదు, గ్రాముల్లో తూచండి. అలాగని మామూలు ఫుడ్‌నే సగానికి కోస్తే పోషకాలూ సగమైపోతాయి. ఖర్చెక్కువైనా, బరువు తగ్గడానికి డాక్టర్ రాసిచ్చే ఫుడ్డే నయం. ఉప్పు వేయకుండా ఉడికించిన బీన్స్ కలిపితే కడుపు నిండుతుంది. మావాడికి వారానికి అర కిలో తగ్గితే చాలన్నారు.

పిల్లి సంగతి వేరు. దాన్ని నడకకి తీసుకెళ్లలేం, ఒక్కసారిగా తిండి తగ్గించనూ కూడదు. లావు పిల్లి కొద్ది రోజులు పస్తుంటే చాలు, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. రోజంతా గిన్నెలో డ్రై ఫుడ్ ఉంచే కన్నా, నీటి శాతం ఎక్కువుండే వెట్ ఫుడ్‌ని కొలిచి పూటపూటకీ పెట్టడం మేలు. ఒక రోజంతా ముట్టకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయండి.