ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కన్నా పైకి నడపాలంటే (ఓవర్‌క్లాకింగ్) మంచి చిప్ కోసం బ్యాచ్ ఏరాలా, కూలర్ కొనాలా?

బ్యాచ్ వేట: ఇంటెల్ పెట్టె మీది బ్యాచ్ నంబరులో రెండో స్థానం సంవత్సరం, తర్వాతి రెండంకెలు వారం. సిలికాన్ ఎంత మంచిదో అందులో ఉండదు. ఒకే బ్యాచ్‌లో ఒక చిప్ 1.25 వోల్టులకు అందుకున్న వేగానికి పక్కది 1.35 అడగొచ్చు. అయినా భీమవరం, అమలాపురం షాపుల్లో ఏరుకునేంత స్టాక్ ఎక్కడిది?

కూలర్: ఖర్చు ముందే తెలుస్తుంది. రాజమండ్రి మే ఎండలకి గది 10 డిగ్రీలు వేడెక్కితే చిప్పూ దాదాపు అంతే వేడెక్కుతుంది. కూలర్ చాలకపోతే ఎంత మంచి బ్యాచ్ అయినా వేగం తగ్గించుకోవాల్సిందే. ఏఎండీ రైజెన్ 5000 ప్రాసెసర్ అయితే వోల్టేజీ తగ్గించి వేడి తగ్గించే బయోస్ సెట్టింగ్, కర్వ్ ఆప్టిమైజర్‌ని మైనస్ 10తో మొదలెట్టండి. ఖాళీగా ఉన్నప్పుడు రీస్టార్ట్ అయితే మైనస్ 5కి రండి.

ఏసీ గది, బెంచ్‌మార్క్ పిచ్చి ఉంటే బ్యాచ్ వేట. గేమ్స్, ఎడిటింగ్‌కి కూలరే. ఇంటెల్‌లో ఓవర్‌క్లాకింగ్‌కి వీలిచ్చే కే చిప్ (పేరు చివర K ఉండేది), జెడ్ బోర్డు (Z చిప్‌సెట్ మదర్‌బోర్డు) లేకపోతే మాత్రం బ్యాచ్ వేట శుద్ధ దండగ.