పాత కారుకు సొంత రిపేరు: మాన్యువల్, స్కానర్, మల్టీమీటర్ – ఏళ్ల వాడకం తర్వాత

పాత కారును సొంతంగా బాగుచేసుకోవాలనుకునేవారికి ఇవాళ సమాచారానికి కొరత లేదు. ఏ సమాచారాన్ని ఏ దశలో నమ్మాలన్నదే చిక్కు. కంపెనీ సర్వీస్ మాన్యువల్, విడిభాగాల కేటలాగు, ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చదివే పరికరం), మల్టీమీటర్ (వోల్టులు, ఓములు కొలిచే మీటరు), యూట్యూబ్ వీడియోలు – వీటన్నిటినీ ఒకే పాత పెట్రోలు కారు మీద ఏళ్ల తరబడి వాడిన తర్వాత రాస్తున్న సమీక్ష ఇది. నేను పెట్టుకున్న కొలమానం ఒక్కటే: పార్టు కొనకముందే, పాతది నిజంగా పోయిందో లేదో పరీక్షించి తేల్చుకునే దారి చూపిస్తుందా, లేదా?

ఆ లెక్కన కంపెనీ సర్వీస్ మాన్యువల్‌దే మొదటి స్థానం. కారుతో పాటు వచ్చే ఓనర్ మాన్యువల్‌తో దీనికి సంబంధం లేదు. ఇది వర్క్‌షాపులో పనిచేసేవారి కోసం రాసింది. ఫలానా కనెక్టర్ ఊడదీసి, ఫలానా రెండు పిన్నుల మధ్య ఎన్ని ఓములు రావాలో, తాళం తిప్పినప్పుడు ఎన్ని వోల్టులు ఉండాలో చెప్పి, వస్తే ఏం చేయాలో, రాకపోతే ఎటు వెళ్లాలో మెట్టు మెట్టుగా చూపిస్తుంది. వైరింగ్ చిత్రాలు చదవడం మొదట్లో విసుగనిపిస్తుంది కానీ, ‘బి/డబ్ల్యు’ అంటే నల్ల వైరు మీద తెల్ల చార అని, ఎర్త్ పాయింట్లకు విడిగా నంబర్లు ఉంటాయని ఒకసారి అలవాటైతే, డ్యాష్‌బోర్డు కింద ఉన్న ఆ వైర్ల చిక్కుముడి చాలావరకు విడిపోతుంది. బోల్టుల బిగింపు అంకెలు కూడా ఇందులో ఉన్నవే ప్రమాణం. పాత మాన్యువళ్లలో అవి కిలోగ్రామ్-మీటర్లలోనో, ఫుట్-పౌండ్లలోనో ఉండవచ్చు. ఒక కిలోగ్రామ్-మీటరు దాదాపు 9.8 న్యూటన్-మీటర్లు కాబట్టి, రెంచి మీద ఏ స్కేలు చూస్తున్నామో గమనించకుండా అల్యూమినియం హెడ్డులోకి బోల్టు తిప్పితే మరలు చెడిపోతాయి.

ఈ మాన్యువల్‌కు లోపాలు లేకపోలేదు. ఇది రాసినవారి మనసులో ఉన్నది కొత్త కారు. తుప్పు పట్టి కదలని బోల్టు, ముట్టుకుంటే విరిగే ప్లాస్టిక్ క్లిప్పు, ఎండిపోయి పెళుసెక్కిన వైరు తొడుగు – ఇవేవీ ఆ పేజీల్లో కనిపించవు. చాలా చోట్ల కంపెనీ వారి ప్రత్యేక పనిముట్టు నంబరు ఇచ్చి ఊరుకుంటారు. కొన్ని పరీక్షల చివరి మెట్టు ‘బాగున్నదని తెలిసిన మరో ఈసీయూ పెట్టి చూడండి’ అని, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌నే మార్చి చూడమని ఉంటుంది. ఇంట్లో కూర్చున్నవాడికి ఆ సలహా వల్ల ఒరిగేదేమీ లేదు. ఇతర ప్రచురణకర్తలు వేసే అచ్చు మాన్యువళ్లు ఈ విషయంలో కొంత నయం, ఫొటోలు కూడా బాగుంటాయి. అయితే అనేక మోడళ్లను ఒకే పుస్తకంలో సర్దడం వల్ల వాటిలో వైరింగ్ భాగం బాగా కుదించుకుపోతుంది.

స్కానర్ దగ్గరికి వస్తే, ముందు కారు వయసు చూసుకోవాలి. 16 పిన్నుల ఓబీడీ-2 సాకెట్ అమెరికాలో 1996 మోడళ్ల నుంచి తప్పనిసరి అయింది. ఐరోపాలో పెట్రోలు కార్లకు ఆ నిబంధన 2001లో వచ్చింది. అంతకు ముందటి చాలా కార్లలో డయాగ్నొస్టిక్ కనెక్టర్‌లోని రెండు టెర్మినళ్లను చిన్న వైరుతో కలిపి, చెక్ ఇంజిన్ లైటు ఎన్నిసార్లు వెలిగి ఆరుతుందో లెక్కపెట్టి కోడ్ తెలుసుకోవాలి. ఏ రెండు టెర్మినళ్లన్నది మాన్యువల్ చూసి నిర్ధారించుకున్నాకే ఆ పని చేయాలి.

చవక బ్లూటూత్ స్కానర్ కోడ్ చదువుతుంది, అది నిజం. కానీ కోడ్ అనేది లక్షణం పేరే తప్ప పాడైన పార్టు పేరు కాదు. పీ0171 వస్తే మిశ్రమంలో పెట్రోలు పాలు తక్కువైందని అర్థం. అది చూసి ఆక్సిజన్ సెన్సర్ కొనేవారు ఎందరో. ఆ కోడ్ నా కారులో వచ్చినప్పుడు పనికొచ్చింది స్కానర్‌లోని లైవ్ డేటా, అంటే ఇంజిన్ నడుస్తుండగా కనిపించే అంకెలు. ఐడ్లింగ్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (మిశ్రమాన్ని సరిచేయడానికి కంప్యూటర్ అదనంగా కలుపుతున్న పెట్రోలు) 18 శాతం చూపించింది. రేసు పెంచి 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలిపితే 4 శాతానికి దిగింది. పెట్రోలు పంపు గానీ ఫిల్టర్ గానీ బలహీనపడితే లోడు పెరిగేకొద్దీ ఆ అంకె పెరగాలి. ఇక్కడ తగ్గింది కాబట్టి ఎక్కడో వాక్యూమ్ లీకు ఉన్నట్టు, అంటే లెక్కకు రాని గాలి ఇంజిన్‌లోకి చొరబడుతున్నట్టు; రేసు పెంచితే ఆ గాలి వాటా తగ్గుతుంది. చివరికి పీసీవీ హోస్ (ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి గాలి దారిలోకి పంపే గొట్టం) పైపు వంపులో, పైకి కనిపించని అడుగు వైపున, గోరు పట్టేంత పగులు దొరికింది. స్కానర్ ఆ పైపు పేరు చెప్పలేదు, వెతకాల్సిన చోటును మాత్రం కుదించింది.

స్కానర్‌తో రెండు చికాకులు ఉన్నాయి. 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ అందుతూనే ఉంటుంది కాబట్టి, దాన్ని సాకెట్‌కే వదిలేస్తే వాడకుండా నిలిపి ఉంచిన కారు బ్యాటరీ మెల్లగా దిగిపోతుంది. ఇక కోడ్ చెరిపేస్తే, లోపం పట్టుబడిన క్షణంలో నమోదైన ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలు కూడా పోతాయి. చెరిపే బటన్ నొక్కేముందు ఆ తెరను ఫొటో తీసుకోవడం మంచిది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లను చవక స్కానర్లు చాలావరకు చదవలేవు.

ఖర్చుకు తగ్గ ఫలితం విషయంలో అన్నిటికంటే ముందు నిలిచేది సాధారణ డిజిటల్ మల్టీమీటర్. ఇంజిన్ వేడెక్కాక సెల్ఫ్ బరువుగా తిరుగుతుంటే చాలామంది మొదట అనుమానించేది బ్యాటరీని, తర్వాత సెల్ఫ్ మోటారును. నా కారులో బ్యాటరీ 12.6 వోల్టులు, అంటే పూర్తి చార్జి చూపించింది. మీటరు ఒక కొసను బ్యాటరీ నెగటివ్ బొడిపె మీద, రెండో కొసను ఇంజిన్ బ్లాకు మీద పెట్టి, మరొకరిని సెల్ఫ్ కొట్టమంటే, 0.2 వోల్టులకు మించకూడని చోట 0.9 కనిపించింది. బ్యాటరీ నెగటివ్‌ను ఇంజిన్‌కు కలిపే ఎర్త్ పట్టీ బోల్టు కింద తుప్పు పేరుకుపోయింది. గీకి బిగించడంతో సరిపోయింది. ఓములు కొలిస్తే ఈ లోపం దొరకదు, ఎందుకంటే పట్టీలో ఒకటి రెండు పోగులు మిగిలినా మీటరు సున్నాకు దగ్గరగానే చూపిస్తుంది. భారీ కరెంటు ప్రవహిస్తున్నప్పుడే అసలు సంగతి తేలుతుంది. నిలిపి ఉంచిన కారులో కరెంటు కారుతోందా అని చూసేటప్పుడు మాత్రం, కారులోని చిన్న కంప్యూటర్లు, అంటే మాడ్యూళ్లు, నిద్రలోకి వెళ్లేదాకా ఆగాలి. ఆ తర్వాత 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే సాధారణంగా కంగారు అక్కర్లేదు. మీటరు ఆంపియర్ల మీద ఉండగా తాళం తిప్పితే లోపలి ఫ్యూజు ఎగిరిపోతుంది.

విడిభాగాల కేటలాగును రిపేరు వనరుగా ఎవరూ లెక్కించరు కానీ, నేను మాన్యువల్ తర్వాత ఎక్కువగా తెరిచేది దాన్నే. భాగాలను విడదీసి వరసగా చూపే చిత్రాల్లో ఏ వాషర్ ఎటు వైపు వస్తుందో, ఓ-రింగు ఎక్కడ దాగి ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది. పాత నంబరు రద్దయి దాని స్థానంలో వచ్చిన కొత్త నంబరు కూడా అక్కడే దొరుకుతుంది.

వీడియోలకు నేనిచ్చేది చివరి స్థానం. చేయి ఎక్కడి నుంచి దూర్చాలో, కనిపించని బోల్టుకు ఎంత పొడవు ఎక్స్‌టెన్షన్ కావాలో చూపడంలో వాటికి సాటి లేదు. లోపాన్ని కనిపెట్టే పనికి మాత్రం అవి పనికిరావు. తీసేవారి కారులో ఏం పోయిందో ముందే తెలుసు కాబట్టి పరీక్షల భాగాన్ని దాటేస్తారు. అదే మోడల్ పేరుతో వేరే ఇంజిన్ ఉన్న కారును చూపించడం కూడా తరచూ జరిగేదే. ఎయిర్‌బ్యాగ్, సస్పెన్షన్ స్ప్రింగుల పనులను వీడియో చూసి మొదలుపెట్టడాన్ని నేను సమర్థించను.

మాన్యువల్ సంపాదించే విషయంలో ఒక సౌలభ్యం ఉంది: కొన్ని కార్ల కంపెనీలు తమ సర్వీస్ సమాచారాన్ని ఆన్‌లైన్‌లో రోజుల లెక్కన చందాకు ఇస్తాయి. అలా తీసుకునేటప్పుడు 17 అక్షరాల వీఐఎన్‌ను (కారు గుర్తింపు సంఖ్యను), ఇంజిన్ కోడ్‌ను ముందే రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే మోడల్ సంవత్సరం మధ్యలోనే వైరింగ్ మారిన కార్లు ఉన్నాయి. గడువు ముగిసేలోగా వైరింగ్ చిత్రాలు, కనెక్టర్ పిన్నుల పట్టికలు, బిగింపు అంకెలు, ఆ వరసలో భద్రపరచుకుంటే, మిగతా అధ్యాయాలను తీరిక దొరికినప్పుడు మళ్లీ ఒక రోజు చందాతో తెచ్చుకోవచ్చు.