సర్వీసు రికార్డు సవరణ: ఆరేళ్లు వాడి చూశాక

మిక్సీ కొన్నవాళ్లు, పంపుసెట్టు కొన్నవాళ్లు కొన్నాళ్లు వాడి చూసి నాలుగు మాటలు రాస్తారు. నేను ఆరేళ్లు వాడింది వస్తువు కాదు, ఒక పద్ధతి. సైన్యం నుంచి ఎప్పుడో బయటికి వచ్చినవాడు తన సర్వీసు రికార్డులోని తప్పు దిద్దించుకుని, రావలసిన పతకాన్ని ఆలస్యంగానైనా రాబట్టుకునే పద్ధతి. 2018లో మొదలుపెట్టాను, 2024లో ఒక కొలిక్కి వచ్చింది. నా కోర్ పేరు, అంటే సైన్యంలో నేను పనిచేసిన విభాగం పేరు గానీ, మా సర్వీసు వివరాలు దాచే రికార్డు ఆఫీసు పేరు గానీ రాయను. అక్కడ ఇప్పుడు కూర్చున్న పిల్లలు పుట్టకముందే జరిగిన పొరపాటు ఇది.

1985లో భర్తీ అయ్యాను. 2003లో హవల్దారుగా పింఛనుతో హనుమకొండ చేరాను. నా డిశ్చార్జి బుక్కు పతకాల పేజీలో రెండే ఉన్నాయి. ఒకటి తొమ్మిదేళ్ల దీర్ఘ సేవా పతకం. రెండోది 1997 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్నవాళ్లందరికీ ఇచ్చిన స్వాతంత్ర్య స్వర్ణోత్సవ పతకం. శ్రీలంకలో శాంతి పరిరక్షక దళంతో గడిపిన కాలానికి రావలసిన స్పెషల్ సర్వీస్ మెడల్, దాని రిబ్బను మీద 'శ్రీలంక' అని ఉండే క్లాస్ప్ అనే చిన్న లోహపు పట్టీ లేవు. లేవన్న సంగతి పదిహేనేళ్లు నేను పట్టించుకోలేదు. ఇంటికి వెళ్లే తొందరలో ఉన్నవాడు పింఛను కాగితం చూసుకుంటాడు, పతకాల పేజీ తిప్పి చూస్తాడా?

2018లో మాజీ సైనికుల సమావేశానికి జగిత్యాల నుంచి ఒక పాత మిత్రుడు వచ్చాడు. నాకన్నా రెండేళ్లు సీనియరు, అన్నా అని పిలుస్తాను. ఛాతీ మీద ఆ పతకం పెట్టుకుని వచ్చాడు.

"నీదేదిరా?" అన్నాడు.

"నాకు ఇవ్వలేదన్నా."

"ఇవ్వకపోవడమేమిటి? ఒకే ఓడలో పోయాం కదా!"

నిజమే. మద్రాసు రేవు నుంచి ట్రింకోమలీకి వెళ్లిన ఓడలో నా పక్కన కూర్చుని దారంతా వాంతులు చేసుకున్నది ఈ అన్నే. 1987 జూలై 29న భారత్-శ్రీలంక ఒప్పందం కుదిరినప్పటి నుంచి 1990 మార్చి 24న చివరి ఓడ కదిలేవరకు అక్కడ మన సైనికులు సుమారు 1,200 మంది చనిపోయారు. తిరిగి వచ్చిన చివరి దళాలకు స్వాగతం పలకడానికి అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి రేవుకు వెళ్లనే లేదు. ఓరుగల్లులో ఎవరికైనా శ్రీలంకలో చేశానని చెబితే "అక్కడ మనకేం పని?" అని అడుగుతారు. కార్గిల్ అంటే కుర్చీ వేస్తారు.

ఇక అసలు సమీక్ష. మొదటి నాలుగేళ్లు ఈ పద్ధతిని తప్పుగా వాడాను. తప్పు చాలావరకు నాదే. 'నాకు ఫలానా పతకం ఇప్పించగలరు' అని రికార్డు ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరాలు పంపాను. ప్రతిసారీ దాదాపు ఒకే జవాబు: మీ సర్వీసు రికార్డు ప్రకారం సదరు పతకానికి మీకు అర్హత నమోదు కాలేదు. అది నమోదు కాలేదనే కదా నేను రాసింది! నా ఉత్తరంలోని మాటే తిప్పి నాకు పంపుతున్నారని కోపం వచ్చేది. రెండో ఏడాది ఒక ఉత్తరంలో కాస్త గట్టిగానే తిట్టాను. దానికీ అదే జవాబు, అవే అక్షరాలు. తిట్టు వాళ్లదాకా చేరిన దాఖలా లేదు.

బంధువులది ఇంకో రకం. "దానికి డబ్బేమైనా వస్తుందా?" రాదు. సేవా పతకానికి పైసా రాదు, పింఛను పెరగదు. "మరి ఎందుకు?" అని అడిగినవాళ్లకు మొదట్లో వివరించేవాణ్ని. తరువాత కందకు లేని దురద కత్తిపీటకెందుకని నవ్వి ఊరుకున్నాను. ఇంకొందరు వీరచక్ర ఇస్తారా అని అడిగారు. శౌర్య పతకాల దారి పూర్తిగా వేరు. దానికి ఆనాటి కమాండింగ్ ఆఫీసరు ఆనాడే సిఫారసు రాసి పంపాలి. ముప్పై ఏళ్ల తరువాత మనం అడిగితే ఎవరూ వినరు, వినకపోవడం సబబే. నేను మాట్లాడేది ఫలానా చోట ఫలానా కాలం పనిచేసిన ప్రతివాడికీ వచ్చే పతకం గురించి.

2022లో హనుమకొండ సైనిక సంక్షేమ కార్యాలయంలో, మేమంతా సైనిక్ బోర్డు అనే చోట, ఒక రిటైర్డ్ సుబేదారు నా ఫైలు తిరగేశాడు. ఆయన సర్వీసంతా క్లర్కు పనే. "పతకం అడుగుతున్నావేమిటి? పార్ట్ టూ ఆర్డరు అడుగు" అన్నాడు. ఈ మొత్తం అనుభవంలో పనికొచ్చిన మాట ఏదైనా ఉంటే ఇదే.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. జవాను జీవితంలో సెలవు, పెళ్లి, బదిలీ, కోర్సు, ఫీల్డు ఏరియాలో అడుగుపెట్టడం, ఏది జరిగినా యూనిట్ ఒక పార్ట్ టూ ఆర్డరు ప్రచురిస్తుంది. దానికి నంబరు, తేదీ ఉంటాయి. దాన్ని బట్టే రికార్డు ఆఫీసు షీట్ రోల్‌లో, అంటే ఆ జవాను సర్వీసు వివరాలన్నీ ఉండే పత్రంలో, నమోదు చేస్తుంది. అక్కడ వరుస పడకపోతే మనం ట్రింకోమలీలో ఏడాది ఉన్నా కాగితం మీద లేనట్టే. పతకం ఆ వరుస వెనకాల నడిచే దూడ. తాడు ఎక్కడ తెగిందో చూడకుండా నాలుగేళ్లు దూడ కోసం అరిచాను.

ఆ ఆర్డరు నంబరు ఎక్కడ దొరుకుతుంది? జగిత్యాల అన్న డిశ్చార్జి బుక్కులో. ఆయన పతకం నమోదు పక్కనే ఆర్డరు నంబరూ తేదీ రాసి ఉన్నాయి. ఫోనులో ఫొటో తీసి పంపాడు, రెండు నిమిషాల పని. నాలుగేళ్లలో ఆయనను ఆ పేజీ చూపించమని ఒక్కసారి అడగలేదు. నా మీద నాకే సిగ్గేసింది.

తరువాత సమాచార హక్కు చట్టం. పది రూపాయల పోస్టల్ ఆర్డరు అకౌంట్స్ ఆఫీసర్ పేరున తీసి, ఈసారి రెండే రెండు అడిగాను: నా షీట్ రోల్ నకలు, ఫలానా నంబరు తేదీ గల పార్ట్ టూ ఆర్డరు నకలు. ఫిర్యాదు లేదు, వేడుకోలు లేదు, నా వయసూ మోకాళ్ల నొప్పులూ లేవు. చట్టం ప్రకారం గడువు ముప్పై రోజులు. ఇరవై ఏడో రోజున కవరు వచ్చింది. ఈ భాగానికి మాత్రం నిండు మార్కులు వేస్తాను.

ఆర్డరులో పద్నాలుగు పేర్లున్నాయి. తొమ్మిదోది నాది. పేరు సరిగ్గా ఉంది, ర్యాంకు సరిగ్గా ఉంది. నా ఆర్మీ నంబరులో మాత్రం రెండు అంకెలు అటూ ఇటూ అయ్యాయి. ఎక్కడో గుడారంలో, చెమట చేతులతో, టైపు మిషను ముందు కూర్చున్న క్లర్కు వేలు జారింది. ముప్పై నాలుగేళ్లు ఆ వరుస ఎవరి షీట్ రోల్‌లోకీ ఎక్కకుండా ఉండిపోయింది.

ఇక్కడే ఆ సుబేదారు తెలివి చూశాను. మన ఆర్మీ నంబరు చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. దాన్ని నేను సర్వీసంతా తోక అనుకున్నాను. అది అంకెలను లెక్కకట్టి వేసే తనిఖీ అక్షరం. ఆర్డరులోని తప్పు నంబరుకు చివర ఉన్నది నా అక్షరమే. తప్పుపడిన అంకెలతో లెక్క కడితే ఆ అక్షరం రాదు. అంటే ఆ నంబరు గల సైనికుడు ఎవడూ లేడు, ఉండడానికి వీల్లేదు. ఇది వేరే మనిషి వరుస కావచ్చన్న వాదనకు చోటే మిగలలేదు. ఆయన పాత క్యాలెండరు వెనకవైపు పెన్సిలుతో ఆ కూడికలు వేసి చూపిస్తుంటే టీ చల్లారిపోయింది.

ఒక పేజీ దరఖాస్తు రాశాం. తప్పు నంబరు, సరైన నంబరు, తనిఖీ అక్షరం సంగతి, జగిత్యాల అన్న నోటరీ ప్రమాణపత్రం. పతకం అనే మాట ఆఖరి వాక్యంలో మాత్రమే. చౌరస్తా దగ్గర టైపు చేసే కుర్రవాడు "ఇంతేనా తాతా?" అన్నాడు. అంతకుముందు నావి ఆరేసి పేజీలు ఉండేవి మరి.

సవరణ ఆర్డరు రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. మధ్యలో ఒక అధికారి బదిలీ, ఒకసారి ఫైలు కనిపించకపోవడం, మళ్లీ నకళ్లు పంపడం. వీటి గురించి ఎక్కువ రాయను, ఆఫీసులతో పని పడిన వారెవరికైనా తెలిసినవే. ఒక వకీలు సైనిక దళాల ట్రిబ్యునల్‌కు వెళ్దామన్నాడు. తెలంగాణ కేసులు చెన్నై ధర్మాసనం పరిధిలోకి వస్తాయి. తిరస్కరించిన తుది ఉత్తరం అందిన ఆరు నెలల లోపల వెళ్లాలి. అందుకే పాత జవాబులను కోపంతో చించకండి, కవరు మీది తపాలా ముద్రతో సహా దాచండి. నాకు ఆ అవసరం పడలేదు.

నాకు నిద్ర లేకుండా చేసింది మాత్రం డిశ్చార్జి బుక్కు. నమోదు చేయడానికి అసలుది పంపమన్నారు. పింఛను, ఆసుపత్రి, క్యాంటీను, అన్నింటికీ మూలం ఆ పుస్తకమే. పేజీ పేజీకి నకలు తీయించి, నోటరీ చేయించి, ఇన్షూర్ చేసిన పార్శిలుగా పంపాను. తిరిగి రావడానికి డెబ్బై రోజులు పట్టింది. ఆ రోజుల్లో పోస్ట్‌మ్యాన్ సైకిల్ బెల్లు వినబడితే చాలు, మా ఆవిడ నాకన్నా ముందు గేటు దగ్గర ఉండేది. ఈ ఒక్క అంశంలో ఐదుకు ఒకటే ఇస్తాను.

పుస్తకంలో మూడో వరుస పడింది. పతకం ఇంకా రాలేదు. అసలు పతకం అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు చెక్కి పంపుతారు కాబట్టి సమయం పడుతుందన్నారు. సికింద్రాబాద్‌లో సైనిక సామగ్రి దుకాణాల్లో నకలు దొరుకుతుంది. కొనమని మా అబ్బాయి అన్నాడు. వద్దన్నాను. అంచు మీద సరైన అంకెలు చూసేదాకా పెట్టుకోను.

ఆ ఆర్డరులో పదకొండో పేరు పరకాల మనిషిది. 2011లో చనిపోయాడు. ఆయన నంబరు సరిగ్గానే ఉంది, అయినా వదిన దగ్గరున్న పుస్తకంలో శ్రీలంక వరుస లేదు. భార్య కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. "ఇప్పుడెందుకయ్యా?" అంది మొదట. పోయినవారం ఆమే ఫోను చేసి, పుస్తకానికి చెద పట్టింది, మూడో పేజీ దాకా బాగానే ఉంది, చాలుతుందా అని అడిగింది. చాలుతుందన్నాను. సోమవారం పరకాల బస్సెక్కుతున్నాను, సుబేదారు కూడా వస్తానన్నాడు.