పాలోలెమా, అగోండానా?

దక్షిణ గోవాలో ఈ రెండు తీరాల మధ్య రోడ్డు దూరం పది కిలోమీటర్లకు అటూఇటూ. తీరు మాత్రం వేరు.

పాలోలెమ్ నెలవంకలా ఒంపు తిరిగిన తీరం. రెండు కొసల్లోని రాళ్లగుట్టలు అలల జోరు తగ్గిస్తాయి, పిల్లలతో దిగడానికి ఇదే నయం. కానకోన రైల్వే స్టేషన్ నుంచి ఆటోలో కాసేపటి దారి. అయితే డిసెంబరు చివర్లో పర్యాటకులు బస చేసే బీచ్ గుడిసెలన్నీ నిండిపోతాయి, ప్రశాంతత మాట మర్చిపోవాల్సిందే.

అగోండా దాదాపు 3 కిలోమీటర్ల తిన్నని ఇసుక. అలలు కాళ్ల కింది ఇసుకను తోడుకుంటూ వెనక్కి లాగుతాయి; మోకాలి లోతు దాటొద్దు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే చోటిది. కంచె కట్టిన దగ్గర రాత్రిపూట టార్చ్ వేయకండి. డబ్బు కానకోనలోనే తీసుకుని వెళ్లడం మేలు.

పుస్తకం పట్టుకుని పడుకోవడానికైతే అగోండాయే. వెళ్లేది మాత్రం నవంబరు, మార్చి మధ్య: వానాకాలానికి ముందే బీచ్ గుడిసెలు విప్పేస్తారు.