తలలో నీరు: గొట్టమా, రంధ్రమా?

తలలో నీరు చేరే జబ్బు (హైడ్రోసెఫలస్) ఉన్న పిల్లలను అనంతపురం, చిత్తూరు వైపు నుంచి బెంగళూరులోని మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌కు తీసుకొచ్చే తల్లిదండ్రుల ముందు తరచూ రెండు ఆపరేషన్ దారులుంటాయి: షంట్, ఈటీవీ (ఎండోస్కోపిక్ థర్డ్ వెంట్రిక్యులోస్టమీ).

షంట్ అంటే మెదడులో నీరుండే గదుల నుంచి చర్మం కిందుగా పొట్టలోకి దిగే సన్నని గొట్టం. చెవి వెనక వేలితో తడిమితే నీటి పారుదలను అదుపు చేసే వాల్వు చిన్న బుడిపెలా తగులుతుంది. నీరు ఏ కారణంతో చేరినా చాలామందికి పనికొస్తుంది. చిక్కల్లా దాని మన్నికతోనే. మూసుకుపోవచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు. పిల్లల్లో సుమారు సగం షంట్లు 2 ఏళ్లలోపే మొరాయిస్తాయి. అందుకే వాంతులు, మగత, తగ్గని తలనొప్పి కనిపిస్తే "ఎండ దెబ్బలే" అని ఊరుకోకూడదు. అయస్కాంతంతో సరిచేసే వాల్వయితే ఎంఆర్ఐ తీయించాక మళ్లీ చూపించాలి.

ఈటీవీలో గొట్టమే ఉండదు. ఎండోస్కోపుతో (కెమెరా ఉన్న సన్నని పరికరం) మెదడు మూడో గది అడుగున చిన్న రంధ్రం చేసి, నీరు బయటికి పోయే దారి ఇస్తారు. గదుల మధ్య దారి మూసుకుపోయిన పెద్ద పిల్లల విషయంలో నా మొగ్గు దీనివైపే. ఏడాది నిండని పసివాళ్లలో మాత్రం విఫలమయ్యే అవకాశం ఎక్కువ. రంధ్రం పూడిపోతే పరిస్థితి హఠాత్తుగా విషమించవచ్చు. గొట్టం లేదు కదా అన్న ధీమా పనికిరాదు.