ఎల్క్ వేటకు చేతి జీపీఎస్: గార్మిన్ జీపీఎస్‌మ్యాప్ 65ఎస్ దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

గ్లోవ్స్ తొడుక్కున్న చేత్తో నొక్కగలిగే బటన్లు, గడ్డకట్టే చలిలో నిలిచే బ్యాటరీ, మనం నిలబడిన నేల ఎవరిదో చెప్పే మ్యాపు. వేటకు చేతి జీపీఎస్ కొనేవారు ముందుగా చూడవలసినవి ఇవేనని నా నిశ్చితాభిప్రాయం. ఎన్ని ఉపగ్రహాలను పట్టుకుంటుంది, ఎన్ని మీటర్ల కచ్చితత్వం ఇస్తుంది అనే లెక్కలు ఆ తర్వాతే చూసుకోవాలి. కొలరాడోలోని నేషనల్ ఫారెస్ట్ భూముల్లో ఏటా శరదృతువులో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు వెళ్తూ, మొదట గార్మిన్ ఇట్రెక్స్ 32ఎక్స్‌ను, ఆ తర్వాత ఇప్పటివరకు జీపీఎస్‌మ్యాప్ 65ఎస్‌ను వాడిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కాబట్టి, ఇందులో చెప్పేదంతా అమెరికాలో లైసెన్సు తీసుకుని, సీజను నియమాలకు లోబడి చేసే వేటకు మాత్రమే వర్తిస్తుంది.

అమెరికాలో మరే రాష్ట్రంలోనూ లేనన్ని ఎల్క్‌లు కొలరాడోలో ఉన్నాయి. రాష్ట్ర విస్తీర్ణంలో మూడో వంతుకు పైగా ఫెడరల్ ప్రభుత్వ భూమి కావడంతో, సొంత రాంచ్ (పశువులను మేపే పెద్ద భూమి) గానీ, రాంచ్ యజమానులతో పరిచయం గానీ లేని మావంటి వలసవచ్చినవారికి కూడా అక్కడ వేటాడే అవకాశం దొరుకుతుంది. అయితే ఆ ప్రభుత్వ భూమి అంతా ఒకేచోట లేదు. ఫారెస్ట్ సర్వీసు (ఫెడరల్ అటవీ సంస్థ) భూమి మధ్యలో ప్రైవేటు రాంచ్‌లు, బీఎల్ఎం (ఫెడరల్ భూ నిర్వహణ సంస్థ) భూమి పక్కనే రాష్ట్ర ట్రస్టు భూములు కలగలిసి ఉంటాయి. కొలరాడో చట్టం ప్రకారం భూయజమాని తన హద్దుల వెంట కంచె వేయనవసరం లేదు, బోర్డు పెట్టనవసరమూ లేదు. అనుమతి లేకుండా ఆ భూమిలో వేటాడితే మాత్రం అది నేరమే. బోర్డు కనపడలేదన్న సమాధానం అక్కడ చెల్లదు. అందుచేత జీపీఎస్ కొనే వేటగాడు యూనిట్ ధరతోపాటు హద్దుల మ్యాపు ఖర్చును కూడా మొదటినుంచే లెక్కలో వేసుకోవాలి.

65ఎస్‌లో అమెరికా టోపో (ఎత్తుపల్లాలు చూపే) మ్యాపుతోపాటు ఫెడరల్ ప్రభుత్వ భూముల మ్యాపు ముందే వేసి ఇస్తారు. ఏ భూమి ఫారెస్ట్ సర్వీసుది, ఏది బీఎల్ఎంది అని చూసుకోవడానికి అది సరిపోతుంది. ప్రైవేటు భూమి యజమాని పేరు, గేమ్ మేనేజ్‌మెంట్ యూనిట్ (వేట కోసం రాష్ట్రం విభజించిన ప్రాంతం) సరిహద్దు కూడా కావాలంటే గార్మిన్ హంట్‌వ్యూ వంటి మ్యాపును మైక్రో ఎస్‌డీ కార్డు మీద విడిగా కొనుక్కోవాలి. ఇటువంటి మ్యాపులన్నింటికీ ఒక సహజమైన పరిమితి ఉంది. వాటిలో కనిపించే ప్రైవేటు హద్దులకు ఆధారం ప్రధానంగా కౌంటీ అసెసర్ కార్యాలయాలు పన్ను లెక్కల కోసం నిర్వహించే పార్సిల్ (భూమి ముక్కల) రికార్డులు. అవి సర్వేయరు గొలుసు పట్టి కొలిచిన గీతలు కావు. నేను డబ్బు పెట్టి తెచ్చుకున్న ఒక కార్డులో, ఒక రాంచ్ చేతులు మారిన తర్వాత కూడా చాలాకాలం పాత యజమాని పేరే కనిపించింది. అనుమతి కోసం ఆయనకు ఫోన్ చేస్తే, ఆ భూమి అమ్మేశానని మర్యాదగానే చెప్పారు. ఆకాశం తెరిపిగా ఉన్నచోట ఈ యూనిట్ చూపే స్థానం సాధారణంగా 5 మీటర్ల లోపు తేడాతో ఉంటుంది, కానీ మ్యాపులోని గీతే అంతకన్నా ఎక్కువ పక్కకు జరిగి ఉండవచ్చు. కాబట్టి నేను తెరమీద కనిపించే హద్దుకు ఇవతల, ప్రభుత్వ భూమి వైపు ఎప్పుడూ కనీసం 50 మీటర్లు వదిలిపెడతాను. అంతకన్నా దగ్గరకు పోవలసిన అవసరం ఏ ఎల్క్ వల్లా కలగదు.

ఈ పరిమితి అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది పక్క రాష్ట్రమైన వయోమింగ్‌లో. 1860ల్లో రైలుమార్గం వేసినప్పుడు కంపెనీకి ఒక చదరపు మైలు విడిచి ఒక చదరపు మైలు చొప్పున భూమి ఇచ్చినందున, అక్కడ ప్రభుత్వ భూమి, ప్రైవేటు భూమి చదరంగం పలకలా ఏర్పడ్డాయి. ఒక ప్రభుత్వ గడి నుంచి మూలకు మూల దాటి మరో ప్రభుత్వ గడిలోకి అడుగు వేయడం నేరమా కాదా అన్న వివాదం ఎల్క్ మౌంటెన్ దగ్గర 2021లో నలుగురు వేటగాళ్ల మీద కేసుగా మారింది. ప్రైవేటు భూమిని తాకకుండా అలా దాటినవారికి అనుకూలంగా 2025లో పదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తీర్పు ఇచ్చింది. ఆ కోర్టు పరిధిలోనే కొలరాడో కూడా ఉంది. అయితే మూల అనేది ఒక బిందువు మాత్రమే. 5 మీటర్ల తేడా ఉన్న పరికరాన్ని నమ్మి ఆ బిందువును దాటడం సాధ్యం కాదు. జీపీఎస్ మనల్ని ఆ ప్రదేశం దాకా తీసుకుపోతుంది, అక్కడినుంచి సర్వేయర్లు నేలలో పాతిన ఇత్తడి బిళ్ల గుర్తును కళ్లతో వెదకి పట్టుకోవలసిందే. ఏ యూనిట్ ఎంత ఖరీదైనదైనా ఈ పని దానివల్ల కాదు.

ఇక చేతివాడకం గురించి. 65ఎస్ తెర 2.6 అంగుళాలు, 160 బై 240 పిక్సెళ్లు. ఫోన్ తెరకు అలవాటైన కంటికి ఇది నాసిగానే కనిపిస్తుంది. కానీ ఈ తెర నేరుగా ఎండ పడినప్పుడు మరింత స్పష్టంగా కనపడుతుంది, తడి తగిలితే గందరగోళపడదు. తెర కింద వరుసగా ఉన్న బటన్లలో మార్క్ అనే బటన్ ఒక్కటే ఈ యూనిట్‌ను వేటగాడికి దగ్గర చేస్తుందని నా నమ్మకం. మంచులో పచ్చి అడుగుజాడ కనిపించిన చోట, ఎల్క్ పొర్లిన బురదగుంట దగ్గర, తెల్లవారుజామున కొమ్ముబూర వంటి కూత వినిపించిన దిక్కుకు తిరిగి, చూపు అడవి మీదినుంచి మరల్చకుండానే బొటనవేలితో ఆ బటన్ నొక్కి, ఎంటర్ నొక్కితే వేపాయింట్ (గుర్తుపెట్టిన చోటు) నమోదైపోతుంది. ఇదే పని ఫోన్‌లో చేయాలంటే గ్లోవ్ తీయాలి, తెర తెరవాలి, వెలుతురు ముఖం మీద పడుతుంది. ఫోన్‌ను నేను తక్కువ చేయడం లేదు. ఇంట్లో కూర్చుని ఉపగ్రహ చిత్రాలు చూస్తూ ఏ వాలు మీద మేత ఉంటుందో, ఏ దారిన ఎక్కాలో నిర్ణయించుకోవడానికి ఫోన్ యాప్‌కు సాటి లేదు. కొండ ఎక్కాక అది ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో లోపలి జేబులో ఉంటుంది.

బాగా ఎదిగిన మగ ఎల్క్ 300 కిలోల పైన తూగుతుంది. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేయడం చట్టరీత్యా నేరం. కాబట్టి ముక్కలు చేసి, సంచుల్లో కట్టి, చెట్టు కొమ్మకు వేలాడదీసి, విడతలు విడతలుగా ట్రక్ దాకా మోసుకురావాలి. ఆ పని దాదాపు ఎప్పుడూ చీకటి పడ్డాకే సాగుతుంది. స్ప్రూస్ చెట్లు దట్టంగా పెరిగిన వాలు మీద, తలదీపం వెలుగులో ఏ చెట్టు చూసినా ఒకేలా కనిపించే వేళలో, పొద్దున ఎక్కిన దారి తెరమీద గీతగా ఉండటం ఎంత ధైర్యమో అనుభవిస్తే గానీ అర్థం కాదు. నేను ట్రక్ దిగగానే ట్రాక్ (నడిచిన దారి) రికార్డింగ్ సాగుతోందో లేదో చూసుకుని, ట్రక్‌కు ఒక వేపాయింట్ పెడతాను. వేట పడిన చోటికి వేరే గుర్తు ఎంచుకుంటాను. రాత్రి అలసటలో అన్నీ ఒకే జెండా గుర్తుతో ఉంటే ఏది ఏదో తేల్చుకోవడం కష్టమవుతుంది.

చాలామంది కొన్నవారు ఒక్కసారి కూడా తెరిచి చూడని సౌకర్యం ఇందులో ఒకటి ఉంది, దాని పేరు సైట్ ఎన్ గో. లోయకు అవతలి వాలు మీద నిలబడిన జంతువును ఇవతలినుంచి కొట్టినప్పుడు, లోయ దిగి మళ్లీ ఎక్కేసరికి ఆ వాలు రూపమే మారిపోతుంది. గుర్తుపెట్టుకున్న ఎండుచెట్టు ఏదో, దాని పక్కనున్న బండ ఏదో తెలియదు. తుపాకీ పేల్చిన చోటునుంచి కదలకముందే, దూరాన్ని రేంజ్‌ఫైండర్‌తో కొలిచి, యూనిట్‌ను ఆ జంతువు నిలబడిన చోటివైపు గురిపెట్టి దిక్కును లాక్ చేసి, ఆ దూరంలో ఒక వేపాయింట్‌ను ముందుకు వేయవచ్చు. ఆ బిందువు నుంచి కొద్దిపాటి అడుగుల్లోనే రక్తపు జాడ మొదలవడం నేను చూశాను. గాయపడిన జంతువును వెదకి పట్టుకోవడం వేటగాడి మొదటి బాధ్యత అని నమ్మేవారికి ఈ ఒక్క సౌకర్యమే డబ్బు గిట్టుబాటు చేస్తుంది. ఇది మూడు అక్షాల ఎలక్ట్రానిక్ దిక్సూచి మీద ఆధారపడుతుంది కాబట్టి, బ్యాటరీలు మార్చిన ప్రతిసారీ దిక్సూచిని కాలిబ్రేట్ చేయాలి, అంటే సరిదిద్దుకోవాలి. పేరు చివర ఎస్ లేని 65లో ఆ దిక్సూచి ఉండదు. కొనేటప్పుడు ఆ ఒక్క అక్షరాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి.

రెండు ఏఏ బ్యాటరీలతో 16 గంటలు నడుస్తుందని కంపెనీ చెబుతుంది. చలిలో ఆల్కలైన్ బ్యాటరీలతో అంత రాదు. తిరిగి ఛార్జ్ చేయలేని లిథియం ఏఏ బ్యాటరీలు సున్నాకు కింద 40 డిగ్రీల సెల్సియస్ దాకా పనిచేసేలా తయారవుతాయి, బరువు కూడా తక్కువ. వాటిని వేసినప్పుడు సెట్టింగులలో బ్యాటరీ రకాన్ని లిథియంగా మార్చుకోవాలి, లేకపోతే మిగిలిన ఛార్జిని తెర సరిగ్గా చూపదు. కొండకింది పల్లెటూరి పెట్రోలు బంకులో కూడా దొరికే బ్యాటరీతో నడవడం ఈ యూనిట్‌కు పెద్ద బలమని నేను భావిస్తాను.

ఉపగ్రహాల సంగతికి వస్తే, ఇట్రెక్స్ 32ఎక్స్ నుంచి 65ఎస్‌కు మారినప్పుడు నాకు తేడా కనిపించింది ఇరుకు లోయల్లోనే. రాతిగోడలకు తగిలి తిరిగివచ్చిన సంకేతాన్ని నేరుగా వచ్చినదిగా పొరబడటం వల్ల ట్రాక్ అటూ ఇటూ గెంతుతుంది. 65ఎస్ ఎల్1తోపాటు ఎల్5 పౌనఃపున్యాన్ని కూడా వాడుకోవడం వల్ల ఆ గెంతులు బాగా తగ్గాయి. మైదానాల్లో, విడివిడిగా చెట్లున్న చోట వేటాడేవారికి ఈ తేడా పెద్దగా తెలియదు.

ఏ యూనిట్ కొన్నా మీ వేట జట్టంతా స్థానాన్ని ఒకే పద్ధతిలో చెప్పుకోవాలని ముందే నిర్ణయించుకోండి. 39 డిగ్రీల 30.500 నిమిషాలు అన్న అక్షాంశాన్ని ఎవరైనా 39.30500 డిగ్రీలుగా రాసుకుంటే, సహాయానికి వచ్చేవారు 22 కిలోమీటర్లకు పైగా దక్షిణాన వెదుకుతారు. పాత యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) కాగితపు మ్యాపులు వాడేవారు వాటి డేటమ్‌ను, అంటే స్థానాలను లెక్కించడానికి వాడిన ఆధార వ్యవస్థను కూడా చూసుకోవాలి. ఎన్ఏడీ27 అనే పాత డేటమ్ మ్యాపు మీది యూటీఎం (స్థానాన్ని మీటర్లలో చెప్పే పద్ధతి) అంకెలను డబ్ల్యూజీఎస్84 అనే డేటమ్‌లో ఉన్న యూనిట్‌లోకి అలాగే ఎక్కిస్తే ఉత్తర దక్షిణాలుగా సుమారు 200 మీటర్ల తేడా వస్తుంది. హద్దు దగ్గర వేటాడేవారికి 200 మీటర్లు అంటే వేరొకరి భూమి.

తక్కువ ఖర్చులో, తేలికగా కావాలంటే ఇట్రెక్స్ 32ఎక్స్ ఇప్పటికీ మంచి యూనిట్. 25 గంటల బ్యాటరీ, మూడు అక్షాల దిక్సూచి ఉన్నాయి. చిన్న జాయ్‌స్టిక్‌ను లావు గ్లోవ్స్‌తో తిప్పగలరో లేదో దుకాణంలోనే, గ్లోవ్స్ తొడుక్కుని పరీక్షించండి. ఒంటరిగా వెళ్లేవారు మాత్రం 2023లో వచ్చిన జీపీఎస్‌మ్యాప్ 67ఐ గురించి ఆలోచించాలి. ఇరిడియం ఉపగ్రహాల ద్వారా సందేశాలు, ప్రమాద సంకేతం పంపగలదు, కానీ దానికి చందా కడుతూ ఉండాలి. నా వేట సహచరుడి దగ్గర అది ఉంది. మేమిద్దరం కలిసే వెళ్తాం కాబట్టి నేను 65ఎస్‌తోనే ఉన్నాను. ఐఫోన్ 14, ఆ తర్వాతి ఫోన్లలోనూ ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపే వీలుంది. ఇప్పటికే అటువంటి ఫోన్ ఉన్నవారు 67ఐకి అదనపు డబ్బు పెట్టేముందు ఆ సంగతి లెక్కలోకి తీసుకోవాలి.

67ఐ కొనే తెలుగువారికి ఒక హెచ్చరిక కూడా తప్పనిసరి. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలను ప్రభుత్వ అనుమతి లేకుండా భారతదేశంలోకి తీసుకురావడం నేరం. అటువంటి పరికరాలతో విమానాశ్రయాల్లో పట్టుబడిన విదేశీ యాత్రికుల మీద కేసులు పెట్టారు. సెలవులకు హైదరాబాదుకో, విశాఖపట్నానికో బయలుదేరేముందు ట్రెక్కింగ్ సంచి, వేట సంచి జేబులన్నీ వెదకి, దాన్ని ఇంట్లోనే తీసి ఉంచండి.