పందెం ఎరుగని జాగ్వార్ కోసం గేడన్ ప్రయాణం

లండన్‌లో మా అక్కయ్య ఇంట్లో గడిపిన సెలవుల్లో రెండు రోజులను ఇంగ్లండ్ నడిమి ప్రాంతమైన వార్విక్‌షైర్‌కు కేటాయించాను. జాగ్వార్ సంస్థ ఒక్కటంటే ఒక్కటిగా తయారుచేసిన ఎక్స్‌జె13 రేసు కారును కళ్ళారా చూడాలన్నది నా చిరకాల కోరిక. అది అక్కడి గేడన్ అనే పల్లెలో, ఒకప్పటి వైమానిక దళ స్థావరం ఉన్న చోట వెలసిన బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో ఉంది.

లండన్‌లోని మార్లబోన్ స్టేషన్ నుంచి గేడన్‌కు దగ్గరి పట్టణమైన లెమింగ్టన్ స్పాకు నేరుగా రైళ్ళు ఉన్నాయి కనుక బస అక్కడే పెట్టుకున్నాను. స్టేషన్‌కు నడక దూరంలోని చిన్న అతిథి గృహంలో గది ఇరుకైనదే గాని, పక్కబట్టలు శుభ్రంగా ఉన్నాయి, ఆతిథ్యంలో ఆదరణ ఉంది. చిక్కంతా అక్కడి నుంచి గేడన్ చేరడంలోనే వచ్చింది. ముందురోజే మాట్లాడుకున్న టాక్సీ ముప్పావుగంట ఆలస్యంగా వచ్చింది. సొంత వాహనం లేనివారు తిరుగు ప్రయాణానికి కూడా ముందే ఏర్పాటు చేసుకోవడం మంచిది.

ముదురాకుపచ్చ రంగులో, నేలకు ఆనుకున్నట్టుండే ఆ కారు ముందు నిలబడగానే ఆలస్యం మాట మరిచిపోయాను. విమాన నిర్మాణం నుంచి వచ్చిన మాల్కం సేయర్ దానికి రూపమిచ్చారు. వెనుక అద్దం గుండా వంగి చూస్తే సీటు వెనకాలే అమర్చిన 5 లీటర్ల, 12 సిలిండర్ల ఇంజన్ కనబడుతుంది. 500 హార్స్‌పవర్‌కు పైగా శక్తినిచ్చే ఆ ఇంజనే కారు వెనుక భాగపు బరువును మోసే వెన్నెముక కూడా. ఫ్రాన్స్‌లో జరిగే ల మాన్స్ 24 గంటల కార్ల పందెం కోసం 1966లో సిద్ధమైనా, పనులు నెమ్మదిగా సాగడం, కంపెనీ విలీనం, 7 లీటర్ల ఫోర్డ్ కార్ల జోరు, ఆపైన 1968 నుంచి ప్రోటోటైపులకు, అంటే పందెం కోసమే ప్రత్యేకంగా తయారుచేసే కార్లకు, విధించిన 3 లీటర్ల ఇంజన్ పరిమితి కలిసి దానికి పందెపు బాట మూసేశాయి. 1967లో పరీక్షా మార్గంపై రేసు డ్రైవర్ డేవిడ్ హాబ్స్ ఈ కారులో సగటున గంటకు 161 మైళ్ళ వేగంతో ఒక చుట్టు పూర్తిచేశారని చదివినప్పటి నుంచి ఆ నష్టం నాకు సొంత నష్టంలాగే తోస్తుంది.

1971 జనవరిలో ఒక చిత్రీకరణ సమయంలో వెనక చక్రం విఫలమై కారు పల్టీలు కొట్టింది. నడుపుతున్న జాగ్వార్ టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ గాయాలు లేకుండా బయటపడ్డారు. ఇప్పుడు మనం చూసేది ఆ తరువాత బాగుచేసిన రూపం, తొలి రూపానికి అచ్చు నకలు కాదు.

మర్నాడు కోవెంట్రీ రవాణా మ్యూజియంలో ధ్వని వేగాన్ని దాటిన థ్రస్ట్ ఎస్‌ఎస్‌సి అనే జెట్ కారును చూశాను. రైలు దిగి నడిచి వెళ్ళగల ఆ చోటు పిల్లలతో వెళ్ళేవారికి సులువు. ఒక్కరోజే వీలున్నవారికి మాత్రం, టాక్సీ ఖర్చు ఎక్కువైనా, నేను గేడన్‌నే సూచిస్తాను.